పేట వీరుడి ముసుగు

(తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థుల ముందు, నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే దుకాణం యజమాని చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించు నాయనా, నేను పొట్టివాణ్ణి. ఆఁ, చాలు.

మీ సార్ నన్ను సంఘసేవకుడని పరిచయం చేశారు. అబద్ధం. నాది డ్రెస్సుల షాపు. స్కూళ్ల వార్షికోత్సవాలకి కృష్ణుడు, ఝాన్సీ రాణి, అల్లూరి. నాటకాలకి కిరీటాలు, గదలు, జడలు, గడ్డాలు. ఈ పదేళ్లుగా పుట్టినరోజు ఫంక్షన్లకి స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్. ఇదీ నా సేవ. రోజుకింత అని అద్దె కూడా తీసుకుంటాను.

పోయిన వారం మీవాళ్లు నలుగురు షాపుకొచ్చారు. "అన్నా, పన్నెండు సూపర్‌హీరో డ్రెస్సులు కావాలి, మూడు నెలలకి" అన్నారు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో మూడు నెలలకి అద్దె అడిగినవాణ్ణి నేను చూడలేదు. పెళ్లికొడుకు షేర్వానీ కూడా ఒక్క రోజుకే పోతుంది. ఎందుకమ్మా అంటే, వేషాలు వేసుకుని ఊళ్లో జనానికి సాయం చేస్తామన్నారు. ఎవరికి, ఏం సాయం అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరే, డ్రెస్సులిస్తాను గానీ ముందు నాకొక గంట ఇవ్వండి, ఇలాంటి పని చేసినవాళ్ల సంగతులు నాకు కొన్ని తెలుసు అన్నాను.

ఎట్లా తెలుసంటే, సీజను లేనప్పుడు షాపులో పనేముంటుంది? చినిగినవి కుట్టుకుంటూ ఫోన్లో ఇవే చూస్తుంటాను. ప్రపంచంలో ఎక్కడ ఎవడు వేషం కట్టినా నాకు కావాలి. గుడ్డ ఏంటి, జిప్పు ఎక్కడ పెట్టారు, కళ్లకి నెట్ వేశారా లేదా అని ముందు అదే చూస్తాను. తర్వాత మనిషిని చూస్తాను.

వేషం అనే మాట తిరుపతివాళ్లకి ఒకరు చెప్పాలా? గంగమ్మ జాతరకి వేషం కట్టని ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నుంటాయి? కథ మీకు తెలిసిందే. అయినా ఇంకోసారి చెప్పనివ్వండి, ఇవాళ దాన్ని కొంచెం పక్కనుంచి చూడాలి. పాలెగాడు ఆడవాళ్లని చెరుస్తున్నాడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ వాడి మీదికి లేచింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. ఆమెకి శక్తి తక్కువా? కొండని పెకలించి వాణ్ణి బయటికి లాగొచ్చు. ఆ పని చేయకుండా వేషాలు కట్టింది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, చివరికి దొర వేషం. వచ్చింది తన దొర అనుకుని పాలెగాడే బయటికొచ్చాడు. తల తెగింది. చూశారా, ఎదుటివాడి కళ్లకి ఏం కనిపిస్తే వాడు బయటికొస్తాడో, ఆమె అది కట్టింది.

డ్రెస్సు కొలతలు వేసుకునేవాడివి. దాని పని మాత్రం చూసేవాడి మీద. షాపులో నేను నేర్చుకున్నది ఇంతే, ఇవాళ చెప్పబోయేది కూడా ఇదే.

మెక్సికో సిటీకి పోదాం. 1985 సెప్టెంబరు 19, పొద్దున ఏడూ పదిహేడుకి పెద్ద భూకంపం. తీవ్రత 8. వేలమంది చచ్చిపోయారు. సర్కారు తేరుకునేలోపు జనమే చేతులతో, బకెట్లతో శిథిలాలు ఎత్తిపోశారు. త్లాతెలోల్కో అని పెద్ద అపార్ట్‌మెంట్ల కాలనీ ఉంది, అక్కడ ఓ భవనం కూలింది. ఏ శిక్షణా లేని కుర్రాళ్లు సన్నటి సందుల్లోంచి లోపలికి పాకి మనుషుల్ని బయటికి లాగారు. వాళ్లని తోపోస్ అన్నారు. నేల తొలిచే జంతువు పేరు అది, మన పందికొక్కు అనుకోండి. ఆ దళం ఇప్పటికీ ఉంది, వేరే దేశాల్లో భూకంపాలొచ్చినా పోతుంది. వాళ్లు ఏ వేషమూ కట్టలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఆ నగరం నడిబొడ్డున పాతకాలం ఇళ్లు, చిన్న చిన్న వాటాలు, నడుమ వాకిలి, అందరికీ ఒకటే కుళాయి. 1942లో, యుద్ధకాలంలో, అక్కడ చాలా ఇళ్ల అద్దెలు పెంచకుండా స్తంభింపజేశారు. దశాబ్దాలు గడిచినా ఆ అద్దెలు కదల్లేదు. ఓనర్లకి వచ్చే డబ్బు వక్కాకుకి కూడా చాలదు, అందుకని రిపేరు అనే మాటే లేదు. భూకంపంతో ఇళ్లు బీటలు వారాయి, ఓనర్లకి సాకు దొరికింది. ఖాళీ చేయండి, కూలగొడతాం అన్నారు. కూలగొట్టి ఖరీదైనవి కట్టుకోవచ్చు. ప్రభుత్వం 1985 అక్టోబరులో వేల స్థలాలు స్వాధీనం చేసుకుని ఇళ్లు కట్టించింది గానీ, అందనివాళ్లు చాలామంది మిగిలిపోయారు. పోలీసుల్ని వెంటబెట్టుకుని కోర్టు కాగితంతో వస్తారు. మంచం, గిన్నెలు, పిల్లల పుస్తకాలు వీధిలో పడతాయి.

1987లో ఈ అద్దెజనం, ఇళ్లులేని జనం కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అసాంబ్లెయా దె బార్రియోస్. బార్రియో అంటే పేట. పేటల సభ అన్నమాట. ఆ ఏడాది జూన్లో ఒక మనిషి వీధిలోకి దిగాడు. ఎర్ర టైట్లు, పైన పసుపుపచ్చ నిక్కరు, వెనక కేప్, తలకి మొత్తం ఎర్రటి ముసుగు, ఛాతీ మీద ఎస్, బి అనే రెండక్షరాలు. దానికింద బొజ్జ. నిజంగా బొజ్జే, ఫొటోలున్నాయి చూడండి. (నవ్వులు) పేరు సూపర్ బార్రియో గోమెస్. గోమెస్ అక్కడ మామూలు ఇంటిపేరు. మన దగ్గరైతే పేట వీరుడు రెడ్డెప్ప అన్నట్టుంటుంది.

ఆయన చెప్పిన కథ భలేగా ఉంటుంది. తను వీధుల్లో సరుకులమ్ముకునేవాణ్ణని, ఒకరోజు పొద్దున గది నిండా ఎర్రని, పసుపుపచ్చని వెలుగు కమ్మిందని, అది పోయాక చూసుకుంటే ఒంటి మీద ఈ డ్రెస్సు ఉందని. అంటే అమ్మవారు పూనినట్టు. నమ్మమని ఎవరూ బలవంతం పెట్టలేదు, నమ్మొద్దనీ అనలేదు.

అయితే అక్కడ ముసుగంటే ఇంకో అర్థం ఉంది, అది తెలియకపోతే ఈ కథలో సగం పోతుంది. మెక్సికోలో ముసుగులేసుకుని కుస్తీ పట్టడం పెద్ద వినోదం, లూచా లీబ్రే అంటారు. అందులో ఎల్ శాంతో అనే ఆయన వెండి ముసుగు వేసుకునేవాడు. యాభై సినిమాల దాకా చేశాడు. ఒక్కదాంట్లోనూ మొహం చూపలేదు. 1984లో ఒక టీవీ కార్యక్రమంలో ముసుగు కొద్దిగా పైకెత్తి మొహం కొంత చూపించాడు. తర్వాత పది రోజులకి గుండెపోటుతో పోయాడు. ముసుగుతోనే పూడ్చారు. అక్కడి పిల్లలకి, ముసలమ్మలకి ముసుగంటే దొంగ గుర్తురాడు. మనవాడు, మన పక్క కుస్తీ పట్టేవాడు గుర్తొస్తాడు. సూపర్ బార్రియో అమెరికా కామిక్కుల్లోంచి ఊడిపడలేదు, వాళ్ల వీధి చివర కుస్తీ గోదాలోంచి వచ్చాడు.

ఆయన చేసిన పని చూడండి. ఫలానా వాకిట్లో ఖాళీ చేయించడానికి వచ్చారని కబురొస్తుంది. ఆయన పోయి గుమ్మం ముందు నిలబడతాడు. ఆయన చుట్టూ పేట మొత్తం నిలబడుతుంది. మాట్లాడటానికి సంఘం తరఫు మనుషులుంటారు. ఎవర్నీ కొట్టడు. పత్రికలవాళ్లు ఎగబడి వస్తారు, ఎందుకంటే ఎర్ర టైట్లేసుకున్న బొజ్జాయన పోలీసుల ఎదుట నిలబడితే ఆ ఫొటో మొదటి పేజీకి. ఫొటో వస్తుందంటే అధికారి గొంతు తగ్గిస్తాడు. అదీ ఆయన సూపర్ పవర్. ఎగరడాలూ లేవు, దూకడాలూ లేవు.

కొన్నిసార్లు వీధిలోనే కుస్తీ గోదా కట్టి, ఇంటి ఓనరు వేషం కట్టినవాడితో కుస్తీ పట్టేవాడు. జనం ఈలలు. అద్దె కట్టలేక రాత్రి నిద్రపట్టనివాళ్లు ఆ సాయంత్రం ఓనరు కిందపడుతుంటే పగలబడి నవ్వేవాళ్లు. మన పగటివేషాలవాళ్లు చేసింది కూడా ఇదే గదా. ఊరి పెద్ద ముందే ఊరి పెద్దని వెక్కిరించి, ఆయన చేతే కొలతబియ్యం పోయించుకుని పోయేవాళ్లు.

1996లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకి పోటీ చేస్తున్నానని ప్రకటించి ఆ దేశమంతా తిరిగాడు. అక్కడ పనిచేసే మెక్సికోవాళ్ల గురించి మాట్లాడాలి, అందుకని. ఉత్తుత్తి పోటీయే, కానీ ప్రెస్‌మీట్‌కి జనం వచ్చారు.

ఇక అసలు విషయం. ఆ ముసుగు వెనక ఉన్నది ఒక్కడు కాదు. వేర్వేరు రోజుల్లో వేర్వేరు మనుషులు వేసుకున్నారంటారు. ఈ పాత్రకి బుర్ర పెట్టినవాళ్లలో మార్కో రాస్కోన్ అనే ఉద్యమకారుడు ఉన్నాడు. ఒకడికి జ్వరమొస్తే ఇంకొకడు కట్టుంటాడు. ఇప్పుడు నాలాంటి డ్రెస్సులవాడి బుర్రకి వెంటనే తట్టేది, అందరికీ ఒకే సైజు సరిపోయిందా అని. లైక్రా సాగుతుంది, సరిపోయుంటుంది. (నవ్వులు) పోలీసులు పట్టుకుపోవాలంటే ఎవర్ని పట్టుకుపోతారు? కొనేయాలంటే ఎవర్ని కొంటారు? ఒక నాయకుడు లొంగిపోతే పేట కుంగిపోతుంది. ముసుగుకి లొంగడం తెలియదు.

అదే నగరంలో 2012 ప్రాంతంలో ఇంకొకాయన వచ్చాడు, పెయాతోనితో. బుల్లి పాదచారి అనొచ్చు. నలుపు తెలుపు చారల కేప్, జీబ్రా క్రాసింగ్ లాగా. దాన్ని వాళ్ల బామ్మ కుట్టింది, నాకు అది మహా నచ్చింది. సిగ్నల్ దగ్గర కారు చారల మీదికొచ్చి ఆగితే, బానెట్ మీద రెండు చేతులూ పెట్టి వెనక్కి నెడుతున్నట్టు నిలబడతాడు. ముసలాళ్లని దాటిస్తాడు. ఫుట్‌పాత్ మీద కారు పెడితే కారెక్కి నడిచిపోతాడు. ఈ చివరిది మీరు చేయకండి, నా డిపాజిట్టు పోతుంది.

ఇప్పుడు టోక్యో. ఇది చిన్న కథ గానీ మీకు పనికొచ్చేది ఇదే. హోనాంచో అని ఒక సబ్‌వే స్టేషను. 2013లో అక్కడ లిఫ్టు లేదు, మెట్లే. ఆర్గానిక్ కూరగాయల కొట్టులో పనిచేసే 27 ఏళ్ల కుర్రాడు టీవీలో పవర్ రేంజర్ల లాంటి ఆకుపచ్చ డ్రెస్సు వేసుకుని మెట్ల దగ్గర నిలబడేవాడు. చంటిపిల్లల బండ్లు, ముసలమ్మల సంచులు పైకి మోసి దించేవాడు. అంతే. దొంగల్లేరు, రాక్షసుల్లేరు. నలభై మెట్లనుకోండి, ఒక పిల్లబండి.

ముసుగెందుకు నాయనా అని విలేకరులడిగితే అతను చెప్పిన మాట సారాంశం ఏమిటంటే, మావాళ్లు సాయం తీసుకోవడానికి మొహమాటపడతారు, తీసుకుంటే బాకీ పడ్డట్టు అనుకుంటారు, మొహం కనపడకపోతే ఆ ఇబ్బంది ఉండదు అని. ఈ మాట చదివి నేను సూదిదారం పక్కన పెట్టేశాను. మన ఇళ్లల్లో లేదా ఇది? మా అమ్మ చివరి దాకా సంచి ఎవరికీ ఇచ్చేది కాదు. పక్కింటి అబ్బాయి పట్టుకుంటానంటే, "వద్దులే నాయనా, రేపు వాళ్లమ్మ ఓ మాట అంటుంది" అనేది. అదే ఒక ఆంజనేయస్వామి వేషగాడు సంచి అందుకుంటే నవ్వుతూ ఇచ్చేసేది. స్వామికి బాకీ ఉండడం అలవాటే గదా.

అంటే ఆ కుర్రాడు దాచుకున్నది తన మొహం గానీ, దక్కింది ఆ ముసలమ్మ పరువు.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. చెప్పొద్దనుకున్నాను. మీరు వేషాలతో రోడ్డెక్కుతానంటున్నారు కాబట్టి చెప్పక తప్పదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ ట్రాఫిక్ వారోత్సవాలొస్తే యముడు, చిత్రగుప్తుడు రోడ్డు మీదికి దిగుతారు. హెల్మెట్ పెట్టుకోనివాడి బండి ఆపి, మెడలో పాశం వేసి, నీ టైమ్ వచ్చిందిరా అంటారు. కరోనా అప్పుడు కర్నూలు జిల్లా ప్యాపిలిలో ఒక ఎస్సై తెల్ల గుర్రం ఒంటినిండా కరోనా బొమ్మలు గీయించి దానిమీద వీధులు తిరిగాడు, మీరూ వీడియో చూసుంటారు. సరే, పదిహేనేళ్ల కిందట వేరే ఊళ్లో ఇట్లాంటి కార్యక్రమానికి నా డ్రెస్సులు పోయాయి. యముడు కట్టాల్సినాయన రాలేదు. నిర్వాహకులు నా వైపు చూశారు. నేను కట్టాను. కొమ్ముల కిరీటం, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా మీసాలు, గద, నైలాన్ తాడు పాశం. పొట్టి యముడు. జనం బాగా నవ్వుతున్నారు, నాకూ హుషారొచ్చింది.

ఒక టీవీఎస్ మోపెడ్ వచ్చింది. అమ్మ నడుపుతోంది, ముందర నిలబడి ఎనిమిదేళ్ల పిల్లాడు. ఆమెకి హెల్మెట్ లేదు. "చిత్రగుప్తా, ఈమె చిట్టా తియ్" అని పాశం ఆమె మెడలో వేశాను. మెల్లగానే వేశాను. పిల్లాడు కెవ్వుమన్నాడు. చేతిలో ఉన్న టిఫిన్ డబ్బాతో నా చెయ్యి మీద కొట్టడం మొదలుపెట్టాడు. "మా అమ్మని వదులు, మా అమ్మని వదులు" అని. చుట్టూ జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు, నాటకంలో భాగమనుకున్నారు. ఆమె పాశం తీసి నా చేతిలో పెట్టి, "వాళ్ల నాన్న పోయి నాలుగు నెలలైంది సార్. బండి మీదే" అంది. కోపంగా కూడా అనలేదు.

నేను కిరీటం తీసేశాను. అది తప్పని తర్వాత తెలిసింది. కొమ్ములు తీశాక కింద మామూలు మనిషి తల కనిపించేసరికి ఆ పిల్లాడికి ఇంకా భయమేసింది. యముడు మనిషే అని వాడికి అర్థమైనట్టుంది. బండి వెళ్లిపోయింది. నేను ఆ కార్యక్రమంలోంచి వచ్చేశాను.

ఆ డ్రెస్సు ఇప్పటికీ నా దగ్గరుంది. నాటకాలకిస్తాను. రోడ్డు మీదికైతే ఇవ్వను. యముడితో హెల్మెట్ ప్రచారం చేసేవాళ్లంతా తప్పు చేస్తున్నారని అనడం లేదు, నవ్వుకుని హెల్మెట్ కొన్నవాళ్లూ ఉంటారు. కానీ రోడ్డు మీద ఎదురొచ్చేవాడి ఇంట్లో నిన్న ఏం జరిగిందో వేషగాడికి తెలియదు. స్టేజీ మీదైతే జనం టికెట్టు కొనుక్కుని, వేషం చూడ్డానికి సిద్ధపడి వస్తారు. రోడ్డు మీద ఎవరూ సిద్ధపడి రారు.

మంచినీళ్లివ్వండి అమ్మా.

సరే. ఇప్పుడు వేషం వేసుకునేవాడికే ఎక్కితే ఏమవుతుందో చూద్దాం. అమెరికాలో సియాటిల్ అని ఊరు. అక్కడ ఫీనిక్స్ జోన్స్ అనే పేరుతో ఒకడు, నల్ల బంగారు రంగుల డ్రెస్సు, లోపల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టు. స్వతహాగా కుస్తీ, కిక్ బాక్సింగ్ తెలిసినవాడు. ఒక దళాన్ని కట్టి రాత్రిపూట గస్తీ తిరిగేవాడు. టీవీల్లో తెగ చూపించారు. 2011 అక్టోబరులో ఒక నైట్‌క్లబ్ బయట గొడవ జరుగుతోందని ఉరికిపోయి జనం మీద పెప్పర్ స్ప్రే కొట్టాడు. గొడవ ఆపానని అతను, మేము డ్యాన్స్ చేసుకుంటూ పోతుంటే వచ్చి కొట్టాడని వాళ్లు. పోలీసులు పట్టుకుపోయారు. చివరికి కేసు పెట్టలేదు గానీ, కోర్టుకి ముసుగుతో పోతే తీయమన్నారు, తీశాడు. బయటికొచ్చి కెమెరాల ముందు మొహం చూపించి అసలు పేరు చెప్పాడు. 2014 నాటికి ఆ దళం చెదిరిపోయింది.

నేను ఆ వీడియో పదిసార్లు చూసుంటాను. ధైర్యం ఉన్నవాడే. కానీ సూపర్ బార్రియో గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు, వెనక పేట ఉంది. ఇతను చీకట్లో ఎవరో తెలియని జనం మీదికి ఉరికాడు, వెనక కెమెరా ఉంది. అమెరికాలోనే ఇట్లాంటి వేషాలవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి రోడ్డు పక్కన పడుకునేవాళ్లకి నీళ్ల సీసాలు, తిండి, మేజోళ్లు పంచారు. శాన్‌డియాగోలో కామిక్కుల పండగ జరిగేటప్పుడు ఆ చుట్టుపక్కల వీధుల్లోనే ఈ పని చేశారు. మేజోళ్లు పంచేవాడి వీడియో ఎవరు చూస్తారు? అందుకే వాళ్ల పేర్లు మీరు వినలేదు.

పిల్లల ఆసుపత్రులది ఇంకో దారి. 2012లో అమెరికాలోనే మెంఫిస్‌లో, పిట్స్‌బర్గ్‌లో పిల్లల ఆసుపత్రుల కిటికీ అద్దాలు తుడిచే పనివాళ్లు స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ డ్రెస్సుల్లో తాళ్ల మీద దిగారు. లోపల మంచాల మీద పిల్లలు. ఆ పనివాళ్లు ఎట్లాగూ ఆ రోజు అద్దాలు తుడవాలి, ఎట్లాగూ తాళ్ల మీద వేలాడాలి. డ్రెస్సు మార్చారు, అంతే. ఉన్న పనికే వేషం తొడగడం, నాకు తెలిసి ఇంతకంటే చక్కటి ఆలోచన లేదు.

మేరీల్యాండ్‌లో లెన్నీ రాబిన్సన్ అని బాగా డబ్బున్న ఆయన, సొంత ఖర్చుతో బ్యాట్‌మ్యాన్ అయ్యి పిల్లల ఆసుపత్రులు తిరిగేవాడు. 2012లో పోలీసులు నంబరు ప్లేటు కోసం కారాపితే లోపల బ్యాట్‌మ్యాన్ ఉన్నాడు, ఆ వీడియోతో ప్రపంచానికి తెలిశాడు. 2015 ఆగస్టులో హైవే మీద బండి చెడి ఆగింది. దిగి ఇంజను చూసుకుంటుంటే వెనకనుంచి వచ్చిన కారు ఆ బండిని గుద్దింది, బండి ఆయన్ని గుద్దింది. పోయాడు. అందుకే చెప్తున్నాను, మీ పన్నెండు డ్రెస్సులకీ వీపు మీద మెరిసే టేపు కుట్టిస్తున్నాను. అందం చెడుతుందని ఎవరూ అనొద్దు.

దక్షిణ అమెరికా వైపు రెండు ముక్కలు చెప్పి ఆపుతాను. కొలంబియాలో బొగోటా నగరానికి 1995లో ఆంతానాస్ మోకుస్ అనే లెక్కల మేష్టారు మేయరయ్యాడు. సూపర్ పౌరుడని టైట్ డ్రెస్సు వేసుకుని తనే తిరిగాడు. మన మేయర్లని ఆ డ్రెస్సులో ఊహించుకోకండి, రాత్రి నిద్రపట్టదు. (నవ్వులు) సిగ్నళ్ల దగ్గర మూకాభినయం చేసే నటుల్ని పెట్టాడు, మొదట ఇరవైమంది, తర్వాత నాలుగొందల దాకా. అడ్డంగా దాటినవాడి వెనకే వాడి నడకని అనుకరిస్తూ నడుస్తారు. జరిమానా లేదు, తిట్టు లేదు, నవ్వులపాలవడమే. పదేళ్లు తిరక్కుండా ఆ ఊళ్లో రోడ్డు చావులు సగానికి పైగా తగ్గాయి. నటుల వల్లే తగ్గాయని అనను, రోడ్లూ బస్సులూ చట్టాలూ మారాయి. దాన్ని చూసి బొలీవియాలో లాపాజ్ నగరం 2001లో 24 మంది కుర్రాళ్లకి జీబ్రా వేషాలేసి క్రాసింగుల దగ్గర నిలబెట్టింది. జీబ్రాలు పిల్లల్ని చెయ్యి పట్టుకుని దాటిస్తాయి, డ్రైవర్లకి దండం పెడతాయి. ఆ కార్యక్రమం ఇరవై ఏళ్లు దాటినా నడుస్తోంది. యముడికీ జీబ్రాకీ తేడా చూడండి. జీబ్రాని చూసి ఏ పిల్లాడూ టిఫిన్ డబ్బా ఎత్తడు.

మన పక్క రాష్ట్రం కర్ణాటకలో ఉడుపి ఉంది. అక్కడ కృష్ణాష్టమికి వేషాలు కట్టే ఆచారం. రవి కటపాడి అని ఒక కూలిపని చేసుకునే ఆయన 2013 నుంచి ఆ రోజు భయంకరమైన వింత జీవుల వేషాలు కడుతూ వచ్చాడు, హాలీవుడ్ స్థాయి మేకప్, గంటలకొద్దీ పడుతుంది. జనం ఫొటో తీసుకుని డబ్బులు వేస్తారు. ఆ డబ్బు మొత్తం జబ్బుపడ్డ పేద పిల్లల వైద్యానికి. ఇప్పటికి కోటి రూపాయలు దాటింది. ఇటుకలు మోసే మనిషి కోటి రూపాయలు పోగుచేసి ఇచ్చేశాడు. ఆయన తెల్లారి మళ్లీ పనికి పోయాడు.

అడగండి, ఏమైనా ఉంటే.

(వెనక వరుసలోంచి ఒక విద్యార్థిని: "సార్, వేషం లేకుండా మామూలు టీషర్టుతో చేస్తే సరిపోదా? తోపోస్ అట్లాగే చేశారని మీరే అన్నారు గదా.")

గుర్తుపెట్టుకున్నావే, సంతోషం. సరిపోతుందమ్మా, చాలా పనులకి సరిపోతుంది. రక్తదానానికి వేషమెందుకు? వరదలొస్తే వేషమెందుకు? తడిసిన కేప్ కాళ్లకి చుట్టుకుని మీరే మునుగుతారు. ముసలాయనకి పింఛను కాగితం రాసిపెట్టాలంటే మొహం కనపడాలి, పేరు చెప్పాలి, రేపు మళ్లీ వెతుక్కుంటూ వస్తాడు. కానీ మన రైల్వే స్టేషన్లో బ్రిడ్జి మెట్ల దగ్గర నిలబడి, ఏ ఒడిశా నుంచో వచ్చిన ముసలమ్మని "సంచి ఇవ్వండమ్మా" అని అడిగి చూడు. తెలుగు రాదు, నువ్వెవరో తెలియదు. సంచి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. హనుమంతుడి వేషంలో అడుగు. అందుకే మీవాళ్లు స్పైడర్‌మ్యాన్ అడిగితే నేను హనుమంతుడి డ్రెస్సులు తీసి పెట్టాను. స్పైడర్‌మ్యాన్ రెండే ఇస్తాను, పిల్లల కోసం.

(మరో విద్యార్థి: "రీల్స్ తీసుకోవచ్చా అన్నా?")

అడుగుతావని తెలుసు. మీ డ్రెస్సుది తీసుకో, మెట్లది తీసుకో. సంచి ఇచ్చిన ఆమె మొహం తీయొద్దు. ఆమె మొహం పెట్టాక నీకు ముసుగుండి ఏం లాభం? ఇద్దరిద్దరుగా ఉండండి, ఒంటరిగా వద్దు. పిల్లల్ని వాళ్లంతట వాళ్లు వస్తే తప్ప ఎత్తుకోవద్దు. స్టేషన్ వాళ్ల అనుమతి కాగితం ఒకటి, మీ కాలేజీ కార్డు ఒకటి లోపల జేబులో ఉండాలి, ఆ జేబు నేను కుట్టిస్తాను. నలభై నిమిషాలకోసారి హనుమంతుడి మూతి విప్పి నీళ్లు తాగాలి. మన ఎండలో లైక్రా అంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే. రోజుకొకరు మార్చుకోండి. హనుమంతుడు ఎవరని ఎవరైనా అడిగితే పేరు చెప్పకండి, నిన్న కట్టినవాడి పేరు కూడా.

అద్దె సంగతి మీ సార్ అడగబోతున్నారు, నేనే చెప్తాను. అద్దె వద్దు. తోక ఊడితే మాత్రం యాభై రూపాయలు. సాయంత్రం తెచ్చాక లోపలివైపు బయటికి తిప్పి చన్నీళ్లలో ఉతకండి, సబ్బు కొంచెమే. పిండొద్దు. నీడలో ఆరెయ్యండి, ఎండలో వేస్తే ఎరుపు పోతుంది. రేపు పదింటికి షాపు తీస్తాను, నలుగురు చాలు, పన్నెండుమందీ రాకండి, లోపల చోటు లేదు.